నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు హెచ్‌ఐవీ మందు, పరీక్ష: పేరు నమోదు చేయించే విధానం

తల్లికి హెచ్‌ఐవీ ఉండి కాన్పు ముందే వచ్చేస్తే ఇంట్లో అందరి ధ్యాసా ఇంక్యుబేటర్ మీదే ఉంటుంది, బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా వేసే సిరప్ సంగతి వెనక్కి పోతుంది. పోనివ్వకండి. బిడ్డ పుట్టిన వెంటనే, కొన్ని గంటల్లోపే నెవిరపిన్ సిరప్ మొదలుపెట్టాలి, కాబట్టి రిజిస్ట్రేషన్ తర్వాత చూసుకోవచ్చు, ముందు డ్యూటీ డాక్టర్‌కి విషయం చెప్పి మందు వేయించండి.

డోసు బరువును బట్టి ఉంటుంది. రెండు కిలోల లోపు బిడ్డకు కిలోకి 2 మిల్లీగ్రాములు, రోజుకు ఒక్కసారి. అంటే కిలోన్నర బిడ్డకు 3 మిల్లీగ్రాములు, మామూలుగా దొరికే సిరప్‌లో 0.3 ఎంఎల్, సిరంజిలో అడుగున కనిపించీ కనిపించనంత. నెలలు నిండిన పిల్లలకు రాసే 1.5 ఎంఎల్ లెక్క ఇక్కడ పనికిరాదు, బరువు పెరిగినప్పుడల్లా డోసు మార్చాలేమో పిల్లల డాక్టర్‌నే అడగండి. మామూలుగా ఇది 6 వారాలు. తల్లి మందులు ఆలస్యంగా మొదలుపెట్టినా, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) తగ్గకపోయినా రెండు మందులు ఇస్తారు, తల్లిపాలు తాగే బిడ్డకైతే 12 వారాల పాటు.

ఇక పేరు నమోదు. ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీకి (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రం) వెళ్లి కౌన్సెలర్‌ని కలవండి, ప్రైవేటులో కాన్పయినా సరే. తల్లి ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల) పుస్తకం, ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల సంరక్షణ కార్డు), డిశ్చార్జి కాగితం (ఇంకా డిశ్చార్జి కాకపోతే బిడ్డ కేసు షీటు), అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు తీసుకెళ్లండి. తల్లి లేవలేని స్థితిలో ఉంటే, విషయం తెలిసిన దగ్గరివాళ్లు వెళ్లొచ్చు. పరీక్షకూ మందుకూ పైసా కట్టక్కర్లేదు. ఫోన్ నంబరు మాత్రం పని చేసేదే ఇవ్వండి, రిపోర్టు వచ్చాక కబురు పెట్టేది దానికే.

మొదటి పరీక్ష 6 వారాలకు. ఇది పుట్టిన తేదీ నుంచి లెక్క, డాక్టర్ ఇచ్చిన డెలివరీ తేదీ నుంచి కాదు, ముందే పుట్టిన పిల్లల విషయంలో చాలామంది తికమకపడేది ఇక్కడే. మడమ దగ్గర చిన్నగా గుచ్చి, కార్డు మీది గుండ్రాల్లో రక్తపు చుక్కలు పట్టి, ఆరబెట్టి ల్యాబ్‌కి పంపుతారు. పాజిటివ్ వస్తే రెండో శాంపిల్ తీస్తారు, చికిత్స మాత్రం దాని రిపోర్టు కోసం ఆగకుండా మొదలవుతుంది. నెగటివ్ వచ్చినా ఫైలు మూసేసినట్టు కాదు, 6 నెలలకూ 12 నెలలకూ మళ్లీ రావాలి, చివరి నిర్ధారణ 18 నెలలకు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు అప్పటిదాకా బిడ్డ ఒంట్లో ఉండొచ్చు, మామూలు టెస్టు పట్టుకునేది వాటినే, బిడ్డకు వైరస్ లేకపోయినా పాజిటివ్ చూపించొచ్చు, అందుకని బయట ల్యాబ్‌లో మామూలు హెచ్‌ఐవీ టెస్టు చేయించి గుండెలు బాదుకోకండి. ఆరు వారాల నుంచి ఇన్ఫెక్షన్లు రాకుండా కోట్రిమోక్సజోల్ అనే మందు కూడా రాస్తారు, అదీ తీసుకోండి.

బిడ్డ మంచానికి ‘హెచ్‌ఐవీ’ అని బోర్డు తగిలిస్తే ఊరుకోవద్దు. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఆ వివరం గోప్యం, రాష్ట్ర అంబుడ్స్‌మన్‌కి (ఇలాంటి ఫిర్యాదులు విచారించే అధికారి) ఫిర్యాదు చేయవచ్చు. దగ్గర్లో ఐసీటీసీ ఎక్కడుందో తెలియకపోతే 1097కి ఫోన్ చేయండి, ఉచితం.