పాత కారు ఈసీఎం ముట్టుకునే ముందు: చదవకుండా రాయకండి

పోయిన వారం ఒక పాత డీజిల్ కారును ట్రాలీ మీద ఎక్కించి మా షెడ్డుకు తెచ్చారు. పదిహేనేళ్లు దాటిన బండి. ఇంజనులో దోషం లేదు. తాళం తిప్పితే స్టార్టరు తిరుగుతుంది, ఇంజను మాత్రం అందుకోదు. స్కానరు పెడితే ఈసీఎం, అంటే ఇంజనును నడిపే కంప్యూటరు, పలకదు. యజమాని ఆ కారును కిరాయికి తిప్పుకొని ఇల్లు నడుపుకుంటున్నాడు.

ఘాటు రోడ్డులో బండి లాగడం లేదని అంటే ఎవరో రీమ్యాప్ (ఈసీఎంలోని ప్రోగ్రామును మార్చి పవర్ పెంచడం) చేయించుకోమన్నారట. చేసినవాళ్లు కారులో ఉన్న అసలు ఫైలును చదవలేదు, అంటే కాపీ తీసి పెట్టుకోలేదు. ఫోనులో ఎవరో పంపిన తయారు ఫైలును నేరుగా ఎక్కించడం మొదలుపెట్టారు. సగంలో రేడియేటర్ ఫ్యాను తిరిగింది. అసలే నీరసంగా ఉన్న బ్యాటరీ కుంగింది, రాయడం ఆగిపోయింది. మళ్లీ రాద్దామంటే అసలు ఫైలు లేదు. కంగారులో ఈసీఎం పెట్టె విప్పి, హాట్ ఎయిర్‌తో మెమరీ చిప్‌ను పీకారు. దానితోపాటు బోర్డు మీది ట్రాకులు (సన్నని రాగి గీతలు) లేచి వచ్చాయి. చివరికి పాత సామాను కొట్టులో ఇంకో ఈసీఎం కొన్నారు. అది ఈ కారు తాళాన్ని గుర్తుపట్టలేదు.

ఎండాకాలం చివర ఈదురుగాలులు మొదలయ్యాయి, కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. అందుకే ఇది ఇప్పుడే రాస్తున్నాను. పెట్టె ఎలా విప్పాలో, సాఫ్ట్‌వేర్ ఎలా వేసుకోవాలో చెప్పను, అవి మీకు తెలిసినవే.

చదవడం

ఈ పనిలో మనుషులను నిలువునా ముంచే తప్పు ఒకటుంది. అసలు ఫైలు చేతిలో లేకుండా కొత్తది రాయడం. మిగతా తప్పులు చాలావరకు దిద్దుకోవచ్చు. రాయడం మధ్యలో ఆగినా, తప్పు ఫైలు ఎక్కినా, అసలుది మీ దగ్గర ఉంటే ఈసీఎంను విప్పి బెంచి మీద బూట్ మోడ్‌లోనో బీడీఎం ద్వారానో (రెండూ ఈసీఎంలోని చిప్‌తో నేరుగా మాట్లాడే దారులు) మళ్లీ రాసి బండిని బతికించవచ్చు. అది లేకపోతే ఎదుట ఉన్నది అల్యూమినియం పెట్టె మాత్రమే.

"చదివాం అన్నా" అని చాలామంది అంటారు. ఏం చదివారని అడిగితే తడబడతారు. ఇక్కడ ఒక మోసం ఉంది, జాగ్రత్తగా వినండి. కొన్ని పరికరాలు ఓబీడీ పోర్టు (కారులో స్కానరు తగిలించే చోటు) నుంచి ఫైలును నిజంగా చదవవు. ఈసీఎం గుర్తింపు సంఖ్యను మాత్రం తీసుకొని, ఆ సంఖ్యకు సరిపోయే ఫైలును సర్వరు నుంచి తెచ్చి ఇస్తాయి. తెర మీద చదవడం పూర్తయినట్టే కనిపిస్తుంది. కానీ అది మీ కారు ఫైలు కాదు. అంతకుముందు ఎవరైనా అందులో మార్పులు చేసి ఉంటే ఆ ఆనవాలు కూడా దొరకదు.

ఇంకో సంగతి. ఫ్లాష్ (ఇంజను ప్రోగ్రాము ఉండే మెమరీ) ఒక్కటి చదివితే సరిపోదు. ఇమ్మొబిలైజరు (కారు తన తాళాన్ని గుర్తుపట్టే ఏర్పాటు) సమాచారం, కొన్ని కార్లలో ఇంజెక్టర్ల సవరణ కోడ్‌లు, ఈఈప్రామ్‌లో ఉంటాయి. అది చాలా బోర్డుల మీద 95160, 93సీ66 లాంటి ఎనిమిది కాళ్ల చిన్న చిప్. వేలిగోరు కంటే చిన్నది. మా షెడ్డుకు వచ్చిన ఆ కారు విషయంలో రాయడం ఆగిపోయాక కూడా ఆ చిప్ బతికే ఉండాలి. అందులో ఉన్నదాన్ని చదివి కొన్న ఈసీఎంలోకి మార్చి ఉంటే తాళం పలికేది. తొందరలో దాన్నే కాల్చేశారు.

కాబట్టి ఫ్లాష్‌ను పూర్తిగా చదవండి. మళ్లీ చదవండి. రెండు ఫైళ్లను బైటు బైటుగా పోల్చండి, ఒక్క బైటు తేడా ఉన్నా వైరింగు, వోల్టేజీ సరిచూసి మూడోసారి చదవండి. పరిమాణం చూడండి: 29ఎఫ్400 చిప్ అయితే సరిగ్గా 5,24,288 బైట్లు, 29ఎఫ్800 అయితే 10,48,576. హెక్స్ ఎడిటర్‌లో (ఫైలును బైట్లుగా చూపే సాఫ్ట్‌వేర్) తెరిచినప్పుడు మొదటినుంచి చివరిదాకా ఎఫ్ఎఫ్ కనిపిస్తే మీరు చదివింది శూన్యం. ఈసీఎం లేబులు మీది సాఫ్ట్‌వేర్ సంఖ్య ఫైలులో అక్షరాలుగా కనిపిస్తుందేమో వెతకండి. తర్వాత ఈఈప్రామ్. బండి నంబరు, ఈసీఎం సంఖ్య, తేదీ పేరులో పెట్టి మూడు చోట్ల దాచండి. అప్పుడు మాత్రమే రాసే మాట ఎత్తండి.

కరెంటు

పాత కే-లైను (ఈసీఎంతో ఒంటి తీగ మీద మాట్లాడే) పద్ధతిలో 10,400 బాడ్ (సెకనుకు అన్ని బిట్లు) వేగంతో 512 కేబీ రాయాలంటే లెక్క ప్రకారమే ఎనిమిది నిమిషాలు దాటుతుంది. పరికరం వేగం పెంచితే కొంత తగ్గవచ్చు. ఆ కొద్ది నిమిషాలూ వోల్టేజీ ఊగకూడదు. పూర్తిగా చార్జయిన బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులు చూపిస్తుంది. ఇగ్నిషన్ వేసి ఉంచితే తగ్గుతూ పోతుంది, ఫ్యాను తిరిగితే ఒక్కసారిగా పడుతుంది. 13.5 వోల్టుల దగ్గర నిలకడగా ఉండే, 30 ఆంపియర్లకు తగ్గకుండా ఇవ్వగల పవర్ సప్లైని బ్యాటరీకి కలిపి పని చేయండి. షెడ్డుల్లో ఉండే మామూలు చార్జరు దీనికి పనికిరాదు, దాని కరెంటు అలలు అలలుగా వస్తుంది. పక్కన ఇంకో కారు ఇంజను నడుపుతూ కేబుళ్లు తగిలించడం అసలే వద్దు.

బెంచి మీద ప్రమాదం ఇంకా ఎక్కువ. కారులో ఉంటే కరెంటు పోయినా బ్యాటరీ ఆదుకుంటుంది. బల్ల మీద ఈసీఎంకు ఆధారం గోడకున్న ప్లగ్గు ఒక్కటే. ఈ రోజుల్లో సాయంత్రం నాలుగు దాటితే మబ్బు ఎప్పుడు కమ్ముతుందో తెలియదు. పవర్ సప్లైని యూపీఎస్ మీద నడపండి, లేదా బాగా చార్జయిన 12 వోల్టుల బ్యాటరీని చిన్న ఫ్యూజు పెట్టి వాడండి. ఇవి రెండూ లేకపోతే బెంచి మీద రాయకండి.

బండి పరిస్థితి

"లాగడం లేదు, రీమ్యాప్ చేయండి" అని వచ్చే పాత డీజిళ్లలో ముందుగా చూడాల్సింది ఈసీఎంను కాదు. ఎయిర్ ఫిల్టరు, టర్బో గొట్టాల చీలికలు, మసి పట్టిన ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజనులోకి పంపే వాల్వు), ఇంజెక్టర్ల లీకేజీ, క్లచ్చు చూడండి. రోగమున్న ఇంజనుకు డీజిల్ మోతాదు పెంచితే పొగ పెరుగుతుంది, ఎగ్జాస్టు వేడి పెరుగుతుంది, టర్బో పోతుంది. ఇంకొకరి ఫైలు అసలే వద్దు. మన దగ్గర విరివిగా తిరిగిన 1.3 లీటర్ల మల్టీజెట్ ఇంజనే 75 గుర్రాలదీ ఉంది, 90 గుర్రాలదీ ఉంది. మొదటిదానిలో మామూలు టర్బో, రెండోదానిలో రెక్కలు కదిలే టర్బో. పైకి ఒకే ఇంజను అనిపిస్తుంది, ఒకదాని ఫైలు ఇంకోదానికి నప్పదు.

ఇక వరసగా చెప్తాను, ఏదీ దాటేయకండి.

- ల్యాప్‌టాప్‌ను చార్జరుకు తగిలించండి. నిద్రలోకి వెళ్లే ఏర్పాటు, అప్‌డేట్లు, యాంటీవైరస్ ఆపండి.
- హెడ్‌లైట్లు, ఏసీ, స్టీరియో ఆపండి. తలుపు తెరిచి మూయకండి. వేడి ఇంజను చల్లారేదాకా ఆగండి, ఫ్యాను తిరిగే అవసరమే రాకూడదు.
- చెక్‌సమ్ (ఫైలు చెడిపోలేదని ఈసీఎం సరిచూసుకునే సంఖ్య) సరిచేయని ఫైలును రాయకండి. ఇంజను అందుకోకపోవచ్చు.
- అసలు ఫైలు ఉందా? రెండుసార్లు చదివారా? ఈఈప్రామ్ కూడా?
- రాయడం మధ్యలో ఆగితే ఇగ్నిషన్ తీయకండి, కేబులు పీకకండి, బ్యాటరీ విప్పకండి. వోల్టేజీ చూడండి, అదే పరికరంతో మళ్లీ ప్రయత్నించండి.
- ఈసీఎం కప్లర్‌ను ఇగ్నిషన్ ఆపి, కాసేపు ఆగాకే విప్పండి.
- బెంచి మీద ప్లస్, మైనస్ మీటరుతో చూసుకున్నాకే స్విచ్చి వేయండి.
- పెట్టె తెరిస్తే చేతికి యాంటీస్టాటిక్ పట్టీ ఉండాలి.
- 1990ల జపాన్ ఈసీఎంలు, ముఖ్యంగా మిత్సుబిషివి, తెరవగానే నీచు వాసన వస్తే కెపాసిటర్లు కారుతున్నాయని అర్థం. ఆ ద్రవం ట్రాకులను తినేస్తుంది. శుభ్రం చేసి, కెపాసిటర్లు మార్చి, ఆ తర్వాతే ఇంకేదైనా.
- 27సీ256 లాంటి పాత ఈప్రామ్ మెమరీ చిప్‌కు నడినెత్తిన గాజు కిటికీ ఉంటుంది. వెలుతురు తగలకుండా దానిమీద స్టిక్కరు అంటించండి. అతినీలలోహిత కాంతికి అందులోది చెరిగిపోతుంది.
- చిప్ గాడి ఏ వైపుందో తీసే ముందే ఫోటో తీయండి. తిరగేసి పెడితే కాలిపోతుంది.
- చిప్ తీసిన చోట సాకెట్ వేయండి.
- ఈజీఆర్‌నో క్యాటలిటిక్ కన్వర్టర్‌నో సాఫ్ట్‌వేర్‌లో ఆపేయమంటే ఒప్పుకోకండి.
- పవర్ పెంచిన సంగతి బీమా కంపెనీకి చెప్పకుండా దాచకండి. బండిలో మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒకసారి చదవండి.
- ఎవరో తొందర పెడుతున్నారని చదవడం మానకండి. సమయం లేదంటే బండిని వెనక్కి పంపండి.
- అసలు ఫైలు లేకుండా రాయకండి.
- అసలు ఫైలు లేకుండా రాయకండి. "ఒక్కసారికి ఏమవుతుంది" అన్నవాళ్ల బండ్లే ట్రాలీ మీద వస్తున్నాయి.
- రాయడం అయ్యాక ఇగ్నిషన్ ఆపి కాసేపు ఆగండి. లోపాల కోడ్‌లు చూడండి. ఇంజను వేడెక్కేదాకా గట్టిగా తొక్కకండి.
- కారు తాళంతోపాటు అసలు ఫైళ్లున్న పెన్‌డ్రైవ్‌ను యజమాని చేతిలో పెట్టండి. దానిమీద బండి నంబరు రాసి ఉండాలి.