కదిలే పడవలోంచి ఫొటోలు అదరకుండా తీయడం ఎలా?

పడవలోంచి తీసిన ఫొటో మసగ్గా వస్తే ‘స్టెబిలైజేషన్ ఆన్‌లోనే ఉందిగా!’ అనిపిస్తుంది. కెమెరాలోనో లెన్స్‌లోనో ఉండే ఈ అదురు తగ్గించే ఏర్పాటు ముఖ్యంగా మన చేతుల సన్నటి వణుకును సరిచేస్తుంది. అల మీద పడవ లేచిపడే ఊపు అంతకంటే చాలా పెద్దది. ఎగిరే పక్షి కదలికనైతే అది అసలు ఆపలేదు. అందుకే దాన్ని సాయానికి ఉంచుకుని, అసలు భారం షట్టర్ స్పీడ్ (షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంటుందో ఆ సమయం) మీద వేయాలి.

ఎక్కగానే స్ట్రాప్ మెడలో వేసుకుని, స్టెబిలైజేషన్ మోడ్ చూసుకోండి. కొన్ని నికాన్ వీఆర్ (స్టెబిలైజేషన్ ఉన్న) లెన్సుల మీద నార్మల్, యాక్టివ్ అని ఉంటాయి. కదిలే వాహనంలో ఉన్నప్పటి కోసమే యాక్టివ్. కానన్‌లో మామూలుగా మోడ్ 1 చాలు. పక్షి వెంట కెమెరాను పక్కకి తిప్పుతూ తీసేటప్పుడు మోడ్ 2కి మార్చండి.

తర్వాత షట్టర్ ప్రయారిటీ (షట్టర్ స్పీడ్ మనమే ఎంచుకునే మోడ్) పెట్టి, ఐఎస్‌ఓని (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని) ఆటోకి వదిలేయండి. ఒడ్డు, కొండల్లాంటి వాటికి 1/500 సెకను దగ్గర మొదలుపెట్టండి. పక్షులకు, ఎదురొచ్చే పడవలకు 1/1000 నుంచి 1/2000 వరకు వెళ్లండి. ఐఎస్‌ఓ పెరిగి నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు) వస్తుందని టెన్షన్ పడకండి. నాయిస్‌ను తర్వాత తగ్గించుకోవచ్చు, అదిరిన ఫొటోను బాగుచేయడం చాలా కష్టం. మబ్బు పట్టి ఉంటే పోలరైజర్ (నీటి మెరుపు తగ్గించే ఫిల్టర్) తీసేయండి, వెలుతురు సగానికి పైగా అదే తినేస్తుంది.

చాలామంది పొరబడేది నిలబడే తీరులో. లెన్స్‌నిగానీ మోచేతులనుగానీ రెయిలింగ్‌కు ఆనించొద్దు. ఇంజిన్ అదురు దాని గుండా నేరుగా కెమెరాలోకి వస్తుంది. ట్రైపాడ్‌తోనూ అదే ఇబ్బంది. కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు కాస్త వంచి, మోచేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకోండి. అప్పుడు ఆ అదురును మన ఒళ్లే మింగేస్తుంది. ముందు కొన ఎక్కువగా ఎగిరిపడుతుంది కాబట్టి పడవ మధ్యలో, వీలైనంత కింద చోటు చూసుకోండి. నీళ్లు అల్లకల్లోలంగా ఉంటే కూర్చునే తీయండి. ఫొటో కంటే మీరు ముఖ్యం.

బటన్ సగం నొక్కి, వ్యూఫైండర్‌లో బొమ్మ కుదురుకునేదాకా ఓ క్షణం ఆగండి. పడవ అల పైకెక్కి కిందికి దిగబోయే ముందు ఊపు కాస్త సద్దుమణుగుతుంది. సరిగ్గా అప్పుడే వరసగా నాలుగైదు షాట్లు తీయండి. నీటి అంచు వంకరగా వస్తే తర్వాత సరిచేసుకునేలా ఫ్రేమ్ చుట్టూ కాస్త చోటు వదలండి.

మొదటి నాలుగు ఫొటోలను అక్కడే జూమ్ చేసి చూడండి. ఫ్రేమంతా ఒకే దిక్కుకు సాగినట్టుంటే షట్టర్ స్పీడ్ రెట్టింపు చేయండి. వెనకున్నవి స్పష్టంగా ఉండి పక్షి ఒక్కటే అలుక్కుపోతే స్పీడ్ పెంచడంతోపాటు ఫోకస్‌ను కంటిన్యుయస్‌లో (కదిలేదాన్ని వెంటాడే మోడ్‌లో) పెట్టండి.