బ్రౌన్ తీర్పు చదవాలనుకుంటే ఇలా మొదలెట్టండి

అమెరికాలో నల్లపిల్లల్ని వేరే ప్రభుత్వ స్కూళ్లలో చదివించడం రాజ్యాంగ విరుద్ధం అని 1954 మే 17న అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన బ్రౌన్ తీర్పు పేరు చాలామంది వినే ఉంటారు, చదివినవాళ్లు మాత్రం తక్కువ, నిజానికి అది చిన్నదే, లాయర్ అయ్యుండక్కర్లేదు, ఒక్క సాయంత్రం చాలు.

ముందు 1896 నాటి ప్లెస్సీ కేసు గురించి కాస్త చూడండి. రైల్లో నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ వేరువేరు పెట్టెల గొడవ అది, "వేరుగా ఉన్నా సమానమే" అన్న వాదన నిలబడింది అక్కడే, అది తెలీకపోతే బ్రౌన్ దేన్ని కొట్టేసిందో అర్థం కాదు.

తర్వాత ఈ కేసు మొదలైన ఊళ్లలో ఒకటైన, కాన్సాస్ రాష్ట్రంలోని టొపీకా మ్యాప్ తెరవండి. కేసులో పేరున్న బ్రౌన్ గారి కూతురు లిండా బ్రౌన్ ఇంటికి ఏడు బ్లాకుల్లోనే సమ్నర్ స్కూల్ ఉంది, కానీ అది తెల్లవాళ్లకే, అందుకని ఆ చిన్నపిల్ల రైలు పట్టాల దగ్గర్నుంచి నడిచి, బస్సెక్కి మన్రో స్కూలుకి పోవాల్సొచ్చేది.

ఇప్పుడు తీర్పు చదవండి. తొమ్మిదిమంది జడ్జీలదీ ఒకటే మాట. 11వ ఫుట్‌నోట్ అస్సలు వదలొద్దు, అందులో కెన్నెత్ క్లార్క్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పేరుంటుంది, ఆయనా భార్య మేమీ కలిసి నల్లపిల్లల ముందు రంగు తప్ప అన్నీ ఒకేలా ఉన్న బొమ్మలు పెట్టి ఏది మంచిదని అడిగితే ఎక్కువమంది తెల్లబొమ్మనే చూపించారు. అది తెలిశాక నేను కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా.

అక్కడితో ఆపకండి ప్లీజ్. ఇదే కేసులో 1955లో వచ్చిన రెండో తీర్పు కూడా చదవండి, అమలుకి గడువే పెట్టలేదు, ఆ సందులోనే వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ, నల్ల తెల్ల పిల్లల్ని కలిపి చదివించడం ఇష్టంలేక, 1959లో ప్రభుత్వ స్కూళ్లన్నిటికీ తాళాలేసింది, మళ్లీ తెరిచింది 1964లో.