ఆకలి లాగినప్పుడు పది నిమిషాలు

రోజూ 16 గంటలు ఉపవాసం, 8 గంటల్లోనే తిండి అని మొదలుపెట్టాక నాకు చివరి రెండు గంటలే నరకంగా ఉండేవి. గడియారం చూడటం, వంటింటి చుట్టూ తిరగటం. ఇప్పుడు ఆకలి వేయగానే గ్లాసు నీళ్లు తాగి, 10 నిమిషాలకు టైమర్ పెట్టి కూర్చుంటున్నాను. బౌద్ధ ధ్యానంలో చేసినట్టు శ్వాసను ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటికి రావాలి. లెక్క తప్పినా పర్లేదు, ఒకటి నుంచే. మధ్యలో ఆకలి లాగితే అది ఎక్కడ తెలుస్తోందో చూడండి. కడుపులో మెలికా, గొంతులోనా, లేక ఉత్త విసుగా? మనసులో ‘ఆకలి, ఆకలి’ అనుకుని మళ్లీ శ్వాస దగ్గరికి. చాలాసార్లు టైమర్ మోగేలోపే తగ్గిపోతుంది. (థేరవాద అనే బౌద్ధ శాఖ భిక్షువులు మధ్యాహ్నం దాటాక భోజనం ముట్టరు, కాబట్టి ఉపవాసం, ధ్యానం అనే ఈ జోడీ కొత్తదేం కాదు.)

తినేటప్పుడు మొదటి ఐదు ముద్దలు ఫోన్ పక్కన పెట్టి నెమ్మదిగా నమలండి. లేదంటే ఆబగా ఎక్కువ తినేస్తాం.

చేతులు వణికినా, కళ్లు తిరిగినా, చెమటలు పట్టినా అది కూర్చుని గమనించే ఆకలి కాదు, వెంటనే ఏదైనా తినేయాలి. షుగర్ మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా అసలు మొదలుపెట్టొద్దు.