పాత లయొనెల్ ఇంజన్ దొరికితే ముందు తిరగేసి చూడండి

న్యూజెర్సీ చుట్టుపక్కల గరాజ్ సేల్స్‌కి తిరిగే అలవాటుంటే ఎప్పుడో ఒకసారి ఏ అట్టపెట్టె అడుగునో నల్లటి బరువైన బొమ్మ రైలింజన్ తగులుతుంది. చాలాసార్లు అది లయొనెల్‌దే, ఆ కంపెనీ పెద్ద ఫ్యాక్టరీ ఇక్కడే హిల్‌సైడ్ దగ్గర ఉండేది మరి. అమ్మేవాళ్ళు "వందేళ్ళ నాటిదండీ" అంటారు. తలూపండి, ఇంజన్ తిరగేయండి.

అడుగున మధ్యలో చిన్న రోలర్లుంటే అది మూడు పట్టాల ట్రాక్‌ది, మధ్య పట్టా నుంచి కరెంటు తీసుకుంటుంది. బయటి పట్టాల మధ్య ఒకటింపావు అంగుళం ఉంటే అది 'ఓ' (O) గేజ్, గేజ్ అంటే పట్టాల మధ్య వెడల్పు. రోలర్లు లేకుండా, రెండే పట్టాల మీద, అంగుళానికి కాస్త తక్కువ వెడల్పులో నడిచేదైతే గిల్బర్ట్ కంపెనీ అమెరికన్ ఫ్లయర్ అయ్యుండొచ్చు. రెండంగుళాలు దాటితే స్టాండర్డ్ గేజ్, 1906 నుంచి 1940 దాకా చేశారు, అది దొరికితే మాత్రం తెలిసినవాళ్ళకి చూపించకుండా ఎవరికీ ఇచ్చేయకండి.

తర్వాత వయసు. యుద్ధం వల్ల 1942లో రైళ్ళు చేయడం ఆపేసి 1945లో మళ్ళీ మొదలెట్టారు. అప్పటి నుంచి వచ్చిన టెండర్ల (ఆవిరి ఇంజన్ వెనక తగిలించే బొగ్గు బండి) వెనక కప్లర్, అంటే పెట్టెల్ని తగిలించే కొక్కెం, నిజం రైలుకున్నట్టే వేళ్ళు మడిచిన చెయ్యిలా ఉంటుంది, అంతకు ముందువాటికి కొక్కెమో పెట్టెలాంటిదో ఉండేది. చక్రాల దగ్గర ఒక గుండుసూది పెట్టి చూడండి. లాక్కుంటే మాగ్నెట్రాక్షన్ (చక్రాలు పట్టాని గట్టిగా పట్టుకునేలా పెట్టిన అయస్కాంతం) ఉన్నట్టే, అంటే 1950 లేదా ఆ తర్వాతిది. అలాగని లాక్కోకపోతే పాతదని తేల్చేయకండి, 1952లో కొరియా యుద్ధం వల్ల అల్నికో అయస్కాంతాలు దొరక్క 671, 726 ఇంజన్లని అవి లేకుండానే అమ్మారు, కొన్నింటి మీద నంబరు కింద ఆర్‌ఆర్ అని ఉంటుంది కూడా.

మామూలుగా క్యాబ్ (డ్రైవర్ గది) మీదున్న అంకె కేటలాగ్ నంబరే. ఒకే టర్బైన్ ఇంజన్‌ని 671 అనీ 2020 అనీ రెండు నంబర్లతో అమ్మారు, కంగారు పడకండి. ముఖ్యమైన మినహాయింపు 700ఇ హడ్సన్, 1937లో వచ్చింది, దాని క్యాబ్ మీద మాత్రం 5344 అని అసలు న్యూయార్క్ సెంట్రల్ రైల్వే ఇంజన్ నంబరే ఉంటుంది. ఇలా రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి వాటిల్లో పోతపోసిన జింక్ భాగాలు చూసుకోవాలి. లోహంలో కల్తీ ఉంటే ఏళ్ళు గడిచేకొద్దీ ఉబ్బి, నెర్రెలిచ్చి, చివరికి పొడిపొడిగా రాలిపోతుంది, దానికి మందు లేదు.

డీజిల్ ఇంజన్ అయితే, ఉదాహరణకి శాంటా ఫే రైల్వే రంగుల్లో వచ్చిన ఎఫ్3 లాంటివి, పైతొడుగు విప్పకుండా డబ్బు తీయొద్దు. హారన్ కోసం లోపల పెద్ద టార్చిలైట్ బ్యాటరీ ఒకటి పెట్టేవాళ్ళు, పిల్లలు దాన్ని అందులోనే మర్చిపోయేవాళ్ళు. పైన ఎర్రా వెండీ తళతళ మెరుస్తూ ఉంటుంది, లోపల చూస్తే బ్యాటరీ కారి ఫ్రేమ్ అంతా తెల్లగా పచ్చగా పొక్కులు కట్టి తినేసి ఉంటుంది. స్క్రూల దగ్గర ప్లాస్టిక్ చిట్లిందేమో కూడా చూడండి.

ఇక మోసాలు. 1957, 58లో ఆడపిల్లల కోసమని గులాబీ రంగు ఇంజన్‌తో ఒక సెట్ తీశారు, అప్పుడు పెద్దగా ఎవరూ కొనలేదు, అందుకే ఇప్పుడు పెట్టెలతో సహా పూర్తి సెట్ వేల డాలర్లు పలుకుతుంది. చిక్కేంటంటే ఆ ఇంజన్ 2037, అదే నంబరుతో నల్లది ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది, దానికి గులాబీ రంగు కొట్టడం ఎంత పని! స్క్రూ రంధ్రాల్లోకి, తొడుగు లోపలి అంచుల్లోకి తొంగి చూడండి, కింద నలుపు కనిపిస్తే వదిలేయండి. అల్ట్రావయొలెట్ టార్చ్ వేస్తే కొత్త పెయింట్ చాలాసార్లు వేరేగా వెలుగుతుంది.

శుభ్రం చేయాలన్న దురద ఆపుకోండి. నేనైతే ఒక 671ని స్పిరిట్‌తో తుడిచాను, మెరిసింది బాగానే, దూదిలో వెండి మరక కనిపించాక గానీ తెలియలేదు క్యాబ్ మీది రబ్బరు స్టాంపు నంబరు సగం పోయిందని. పొడి మెత్తటి బ్రష్ చాలు. పాత వైర్ల తొడుగు పెళుసై రాలుతుంటే ప్లగ్ కూడా పెట్టొద్దు.

ధర దగ్గర అందరూ టీసీఏ గ్రేడ్ వాడతారు, టీసీఏ అంటే 1954లో మొదలైన అమెరికా బొమ్మ రైళ్ళ కలెక్టర్ల సంఘం. సీ5 అంటే గీతలు, చిన్న సొట్టలు, మురికి ఉన్నది, సీ7 అంటే సొట్ట గానీ తుప్పు గానీ లేకుండా సన్నటి గీతలు మాత్రమే ఉన్నది, సీ10 అంటే కొత్తదే. మన ఇంజన్‌కి మనమిచ్చే గ్రేడ్ ఒక మెట్టు ఎక్కువే ఉంటుంది, తగ్గించి లెక్కేసుకోండి. ఈబేలో అడుగుతున్న రేట్లు చూసి ఆశపడొద్దు, అమ్ముడైనవి మాత్రం ఫిల్టర్ చేసి, అదే నంబరు, అదే టెండర్, అదే గ్రేడ్ ఉన్నవి నాలుగైదు చూడండి. టెండర్ ఎందుకంటే 1950 నాటి 773 హడ్సన్‌కి 2426డబ్ల్యూ లోహపు టెండర్ వచ్చింది, 1964లో మళ్ళీ తీసినప్పుడు ప్లాస్టిక్‌ది ఇచ్చారు, ఇంజన్ ఒకదానిది టెండర్ ఇంకోదానిది అయితే రేటు పడిపోతుంది. నారింజ నీలం అట్టపెట్టె ఉంటే, చిరిగినా సరే, పారేయకుండా దాని మీది నంబరు ఇంజన్‌తో కలుస్తుందో లేదో చూసి పక్కన పెట్టండి, ఖాళీ పెట్టెలకి కూడా కొనేవాళ్ళున్నారు.