సెమాగ్లుటైడ్ మాత్ర: పొద్దున్న అరగంట లెక్క

నాకు షుగర్ వచ్చి తొమ్మిదేళ్ళయింది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వేసుకుంటూ నెట్టుకొస్తున్నాను కానీ బరువు ఏటా కాస్త కాస్త పెరిగి 86 కిలోలకి చేరింది. పోయినేడు డాక్టర్ షుగర్‌నీ ఆకలినీ తగ్గించే సెమాగ్లుటైడ్ అనే మందు రాశారు. ఇంజెక్షన్ కాదు, మాత్ర.

మొదటి మూడు నెలలూ దాన్ని మిగతా మాత్రల్లాగే వేసుకున్నాను. అన్నీ అరచేతిలో పోసుకుని, పెద్ద గ్లాసుడు నీళ్ళతో మింగి, వెంటనే కాఫీ తాగేదాన్ని. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) 8.4 నుంచి 8.3కి వచ్చింది, అంతే. డాక్టర్ డోసు పెంచలేదు. "ఎలా వేసుకుంటున్నారో చెప్పండమ్మా" అని అడిగారు. చెప్పాను. కాగితం మీద రెండు అంకెలు రాసిచ్చారు: 120, 30.

120 అంటే మిల్లీలీటర్ల నీళ్ళు. మామూలు గ్లాసులో సగం, అంతకు మించకూడదు. 30 అంటే నిమిషాలు. మాత్ర మింగాక కనీసం అరగంట దాకా ఏమీ తినకూడదు, తాగకూడదు, వేరే మాత్ర కూడా వేసుకోకూడదు. ఎందుకంటే ఈ మందు మామూలుగా కడుపులో అరిగిపోయే రకం. అలా అరిగిపోకుండా కడుపు పొరలోంచి రక్తంలోకి చేర్చడానికి మాత్రలో స్నాక్ (SNAC) అనే ఇంకో పదార్థం కలిపారు. అన్నీ సవ్యంగా చేసినా రక్తంలోకి చేరేది సుమారు ఒక్క శాతమే. అందులోనూ తిండో, ఎక్కువ నీళ్ళో అడ్డుపడితే ఇక మిగిలేదేముంది?

ఇప్పుడు రాత్రి పడుకునే ముందే కొలత కప్పుతో నీళ్ళు కొలిచి మంచం పక్కన పెట్టుకుంటున్నాను. మాత్ర మాత్రం స్ట్రిప్‌లోనే ఉంచాలి, ముందే తీసి డబ్బాలో వేస్తే తేమకి పాడవుతుంది. నిద్ర లేవగానే చింపి, విరవకుండా, నమలకుండా మింగేసి ఫోన్‌లో అలారం పెట్టుకుంటాను. మొదట్లో కాఫీ వాసనకి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి "అమ్మా, ఇంకా పన్నెండు నిమిషాలుంది" అనేది. ఆ తర్వాతి మూడు నెలల్లో 8.3 కాస్తా 7.1 అయింది. డోసు అదే.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళకి ఇక్కడో చిక్కుంది. అదీ పరగడుపునే వేసుకోవాలి కదా. రెండూ కలిపి వేసుకుంటే థైరాయిడ్ మందు రక్తంలో ఎక్కువ చేరుతుంది. నాకు డాక్టర్ థైరాయిడ్ మాత్రని రాత్రికి, భోజనమైన మూడు గంటల తర్వాతకి మార్చి, మళ్ళీ టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించారు. మీ అంతట మీరు మార్చుకోకండి, అడగండి.

సెమాగ్లుటైడ్ మాత్ర డోసు నెల పాటు 3 మిల్లీగ్రాములు, తర్వాత 7, అవసరమైతే 14. ఆ 3 షుగర్ తగ్గించడానికి కాదు, కడుపుకి అలవాటు చేయడానికే. కొన్ని చోట్ల 1.5, 4, 9 అంకెలతో కొత్త రకం వస్తోంది. పాత రకం అంకెల్ని దానికి అన్వయించకూడదు. ఒకరోజు మర్చిపోతే ఆ రోజు వదిలేసి మర్నాడు మామూలుగా వేసుకోవాలి, రెండు కలిపి వేసుకోకూడదు.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది లో షుగర్. ఈ మాత్ర ఒక్కటే అయితే అది అరుదు. గ్లిమిపిరైడ్ లాంటివి గానీ ఇన్సులిన్ గానీ తోడుంటే ప్రమాదం. ఓ సాయంత్రం నాలుగింటికి పెన్ను పట్టుకున్న వేళ్ళు వణికాయి, మెడ వెనకంతా చల్లటి చెమట. గ్లూకోమీటర్‌లో 62. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూస్తే 88. మర్నాడే డాక్టర్ గ్లిమిపిరైడ్ సగానికి తగ్గించారు. ఈ మాత్ర మొదలుపెట్టేటప్పుడే ఆ సంగతి అడిగి ఉండాల్సింది. మీరు తప్పకుండా అడగండి. గ్లిమిపిరైడ్ బరువు కూడా పెంచుతుంది. మెట్‌ఫార్మిన్ పెంచదు.

వికారం వస్తుంది, ముఖ్యంగా డోసు పెంచిన వారాల్లో. కొద్ది కొద్దిగా, నెమ్మదిగా తిని, కడుపు నిండిందనిపించగానే ఆపేస్తే నాకు సర్దుకుంది. కానీ పొట్ట పైభాగంలో తగ్గని నొప్పి మొదలై వీపులోకి పాకితే ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి, అది పాంక్రియాస్ (క్లోమం) వాపు కావచ్చు. మీకు గానీ మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా గానీ మెడ్యులరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే ఈ మందు వాడకూడదు. బిడ్డ కావాలనుకునేవాళ్ళు రెండు నెలల ముందే మానేయాలి. మొదలుపెట్టే ముందు కళ్ళ రెటీనా పరీక్ష చేయించుకోండి.

బరువు విషయంలో మరీ ఆశ పెట్టుకోవద్దు. 14 మిల్లీగ్రాములతో పరీక్షల్లో ఆర్నెల్లకి సగటున తగ్గింది సుమారు 4 కిలోలే. నేను ఏడాదిలో 6 తగ్గాను. తగ్గేదాంట్లో కండ కూడా ఉంటుంది కాబట్టి వారానికి మూడు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పది సార్ల చొప్పున మూడు విడతలు చేస్తున్నాను. ప్రతి పూటా ప్రోటీన్ ముందు తింటాను.

మధ్యలో జ్వరమొచ్చి రెండు వారాలు మాత్ర మానేశాను. ఆకలి మళ్ళీ మునుపటిలా వచ్చేసింది. అలా ఎక్కువ రోజులు మానితే డాక్టర్ని అడగకుండా ఆపిన డోసుతోనే మళ్ళీ మొదలుపెట్టకండి. నేను ఫోన్ చేసి అడిగితే డాక్టర్ మళ్ళీ 3 మిల్లీగ్రాముల నుంచే మొదలుపెట్టమన్నారు.