అణుజీవశాస్త్ర పరిశోధకులు తమ ఉల్లేఖనల లెక్కను సరిచూసుకునే విధానం

తిరుపతిలో 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనో, 2015లో మొదలైన ఐసర్‌ (భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ)లోనో అణుజీవశాస్త్రంలో పనిచేసేవారు పదోన్నతికి దరఖాస్తు చేసే ముందు తమ పరిశోధన పత్రాల జాబితాను, వాటికి వచ్చిన ఉల్లేఖనల (ఇతర పత్రాలు వాటిని ప్రస్తావించిన సందర్భాల) లెక్కను స్వయంగా సరిచూసుకోవాలి.

మొదట 16 అంకెల ఆర్కిడ్ (ORCID) సంఖ్య, అంటే ఒక్కో పరిశోధకుడిని విడిగా గుర్తించే సంఖ్య, తీసుకోండి. మన ఇంటిపేరు ఒక పత్రంలో ముందు, మరొక పత్రంలో చివర, ఇంకొకచోట పొడి అక్షరంగా పడుతుంది కనుక ఒకే వ్యక్తి రచనలు రెండు మూడు ఖాతాలుగా చీలిపోతాయి. రెడ్డి, నాయుడు వంటి పేర్లు మన జిల్లాల్లో ఎంతోమందికి ఉన్నందున ఇతరుల పత్రాలు మన ఖాతాలో చేరడమూ సాధారణమే. అలా చేరినవాటిని మొహమాటం లేకుండా తొలగించాలి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే.

తరువాత హెచ్-సూచిక, అంటే 2005లో భౌతికశాస్త్రవేత్త హిర్ష్ ప్రతిపాదించిన కొలమానం. కనీసం n ఉల్లేఖనలు పొందిన పత్రాలు n ఉంటే, అలాంటి n విలువల్లో అతి పెద్దదే సూచిక. పత్రాలను ఉల్లేఖనల అవరోహణ క్రమంలో పేర్చండి. ఐదు పత్రాలకు వరుసగా 40, 22, 9, 5, 3 ఉల్లేఖనలు ఉంటే, నాలుగో పత్రానికి కనీసం నాలుగు ఉన్నాయి, ఐదోదానికి ఐదు లేవు. కాబట్టి సూచిక 4.

ఉల్లేఖనలను లెక్కించే ఉచిత శోధన సాధనమైన గూగుల్ స్కాలర్ సిద్ధాంత గ్రంథాలను, ముందస్తు ప్రతులను (పత్రికలో సమీక్షకు ముందే బయట పెట్టినవాటిని) కూడా లెక్కిస్తుంది కనుక అక్కడి సంఖ్య సాధారణంగా స్కోపస్ అనే ఉల్లేఖన సమాచార నిధిలోని సంఖ్య కంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఏ సంఖ్య ఇచ్చినా మూలాన్నీ, చూసిన తేదీనీ రాయండి.

పద్ధతులను వివరించే పత్రాలను విడిగా చూపండి. ప్రోటీన్ పరిమాణాన్ని కొలిచే విధానంపై 1951లో లౌరీ బృందం ప్రచురించిన పత్రానికి మూడు లక్షలకు పైగా ఉల్లేఖనలు వచ్చాయి. కొత్త జన్యువు పనితీరును వెల్లడించిన పత్రాన్ని అటువంటిదానితో పోల్చడం న్యాయం కాదు.